ఉమ్మిలోని ఎరుపు

ధర్మవరంలో ఎవరు ఏ రంగు చీర నేస్తున్నారో తెలుసుకోవడానికి మగ్గం దాకా పోనక్కరలేదు. వాకిట్లో ఉమ్మిన చోటు చూస్తే చాలు. నేను కోడలిగా ఆ ఊరు వచ్చిన రోజుల్లో అట్లా ఉండేది. నాడె అంటే పోగును చీర అడ్డంగా అటూ ఇటూ మోసే చిన్న కొయ్య పడవ. దాని కడుపులో దారం చుట్టిన కండె ఉంటుంది. కండె అయిపోయి కొత్తది పెట్టినప్పుడల్లా పోగు కొసను నాడె పక్కనున్న సన్నని కంట్లోంచి బయటికి తేవాలి. వేళ్లకు అది అందదు. నేసేవాడు ఆ కంటికి పెదవులు ఆనించి ఒక్కసారి పీలుస్తాడు, పోగు నోట్లోకి వస్తుంది. పొద్దుటి నుంచి పొద్దు గుంకే దాకా అదే పని. పట్టుకు అద్దిన రంగు కొంచెం కొంచెం నాలుకకు అంటుతుంది. పచ్చ చీర నేసేవాడు పచ్చగా ఉమ్ముతాడు, ఊదా చీర నేసేవాడు ఊదాగా. దాన్ని చూసి ఎవరూ భయపడేవాళ్లు కాదు.

యుద్ధం వచ్చాక ఇది మరీ ఎక్కువైంది. ఓడల మీద వచ్చే సీమ రంగులు కరువైపోయాయి. అంగట్లో దొరికేదంతా నాసిరకం. చీర మడత మీద చెమట చెయ్యి పెడితే చేతికి అంటేది. ఇంక నోటికి అంటదా.

నాకు మూడో తరగతి దాకానే చదువు. మా పుట్టిల్లు పెనుకొండ. మా నాయన పట్టుకు రంగు అద్దేవాడు. అమ్మ నా చిన్నప్పుడే పోయింది కాబట్టి బడిలో కంటే రంగు బానల దగ్గరే నేను ఎక్కువ కూర్చున్నాను. సీమ రంగులు దొరకడం మానేశాక నాయన తన తాత కాలంలోలాగా లక్కను దంచి, నానబెట్టి, పటిక వేసి ఎరుపు తీసేవాడు. కష్టం ఎక్కువ, ఆలస్యం ఎక్కువ. కానీ ఆ ఎరుపు పోదు. "రంగు ఎవడైనా పూస్తాడు. పోకుండా నిలిపినోడే రంగులోడు," అనేవాడు. తన ఎరుపును గురించి ఆయనకు గర్వం. ఆ గర్వం నాకూ అబ్బింది. పొదుపూ అక్కడే అబ్బింది. ఒక బాన రంగులో మొదట మంచి పట్టు, తరువాత రెండో రకం, చివర మిగిలిన పలచటి నీళ్లలో నా పరికిణీ ముంచేవాళ్లం. వృథా అనే మాట మా ఇంట్లో తిట్టుతో సమానం.

మా ఇంటాయన మగ్గం మీద తప్ప మిగతా చోట్ల నెమ్మదైన మనిషి. మగ్గం గుంతలో కూర్చుంటే మాత్రం నోరు ఊరుకోదు. అంచుతో మాట్లాడతాడు, తెగిన పోగును బతిమాలుతాడు, వాళ్లమ్మను ఆట పట్టిస్తాడు. మాకు అప్పుడు ఎనిమిది నెలల ఆడపిల్ల. దాన్ని తన ఒడిలో కూర్చోబెట్టుకుని నేసేవాడు. నాడె ఇటు నుంచి అటు పోతే పిల్ల తల కూడా ఇటు నుంచి అటు తిరిగేది. దారాలు పాడు చేస్తుందని నేను కోప్పడేదాన్ని. "దీనికి ఇప్పట్నుంచే పని నేర్పిస్తాండా. నువ్వు కుళ్లుకోవాకు," అనేవాడు. పిల్ల నిద్రపోతే తొడ కదలకుండా, ఒక్క కాలితో తొక్కుతూ నేసేవాడు. చీర ఆలస్యమైందని షావుకారి మనిషి వచ్చి అడిగితే, ముందు వేలు పెదవి మీద పెట్టి పిల్లను చూపించేవాడు.

ఆ వానల కాలంలో ఆయనకు దగ్గు పట్టుకుంది. మిరియాల కషాయం, పసుపు పాలు అన్నీ అయ్యాయి. వానలు పోయినా దగ్గు పోలేదు. ఉమ్మిలో ఎరుపు కనిపించేది. మగ్గం మీద ఉన్నది ఎర్ర చీరే, నాయన పంపిన లక్క ఎరుపు పట్టు. అందుకని ఎవరమూ పట్టించుకోలేదు. రెండు నెలలు అట్లాగే గడిచింది. ఇప్పుడు తలచుకుంటే చెంపలు వేసుకోవాలనిపిస్తుంది. వేరే ఊళ్లో, వేరే పని చేసేవాళ్ల ఇంట్లో అయితే మొదటి దినమే గుండె ఆగిపోయేది.

ఒక పొద్దున మా అత్త వాకిట్లో ఆ ఉమ్మి మీద బూడిద చల్లుతూ మొదలుపెట్టింది.

"మీ నాయన పట్టు ఎట్ల కారుతాందో చూడు. పెండ్లి మాటలప్పుడు ఎన్ని చెప్పినాడు. నా రంగు చచ్చినా పోదన్నె. నా కొడుకు నోరంతా దిగిపాయె."

"మా నాయన రంగు పోదత్తా."

"పోకుంటే ఇదేమి, కుంకుమా?"

"వేరేవాళ్ల రంగై ఉంటాది."

"మగ్గం మీద ఉండేది ఎవరిది మరి? ఆకాశం నుంచి దిగిందా?"

గుంతలోంచి మా ఇంటాయన దగ్గి, గొంతు సవరించుకుని అన్నాడు, "మీరిద్దరూ బాగా కొట్లాడుకోండి. నడుమ నా నోరు ఎర్రగా పండుతాంది. తాంబూలం మిగిలె."

నాకు ఒళ్లు మండిపోయింది. నన్ను ఏమన్నా పడేదాన్ని. నాయన రంగును అంటే పడలేదు. లోపలికి పోయి నాయన పంపిన అదే లడిలోంచి, అదే పట్టు చుట్టలోంచి, ఇంకా మగ్గానికి ఎక్కని పట్టు తెచ్చాను. కంచు గిన్నెలో వేడి నీళ్లు పోసి, కుంకుడు రసం కలిపి, అత్త ముందరే నానబెట్టాను. పొయ్యి మీద సంగటి ఉడికేంత సేపు ఉంచి పిండాను. నీళ్లు నీళ్లలాగే ఉన్నాయి. అది చాలదనిపించి అందులో ఒక పోగు తీసి నోట్లో పెట్టుకుని బాగా చప్పరించి, ఉతికిన తెల్ల గుడ్డ మీద ఉమ్మాను. గుడ్డ తడిసింది, అంతే. రవ్వంత ఎరుపు లేదు.

"చూడత్తా," అన్నాను. "కళ్లద్దాలు పెట్టుకుని చూడు. మా నాయన రంగు పోతుందా?"

అత్త వంగి గుడ్డను చూసింది. గిన్నెలో నీళ్లను చూసింది. నేను గెలిచాను అనుకున్నాను. ఆ గెలుపు ఎంత సేపు? అత్త తల ఎత్తి, నా వైపు కాకుండా, బూడిద చల్లిన చోటు వైపు చూసేంత సేపు. నేనూ అటు చూశాను. పట్టు రంగు పోకపోతే ఆ ఎరుపు ఎక్కడిది?

అత్త మగ్గం దగ్గరికి పోయి కొడుకు ఒడిలోంచి పిల్లను ఎత్తుకుంది. "పిల్లకు నీళ్లు పోయాల," అంది. అది నీళ్లు పోసే వేళ కాదు. మా ఇంటాయన ఆమె ముఖం చూసి, నా చేతిలో గుడ్డ చూసి, నాడె కింద పెట్టాడు.

మా ఊరి డాక్టరు గొట్టం పెట్టి వీపు మీద, రొమ్ము మీద విన్నాడు. "క్షయ కావచ్చు, కాకపోనూ వచ్చు. చెవితో చెప్పలేను," అన్నాడు. "హిందూపురంలో స్టేషను దారిలో ఒకాయన కఫం పరీక్ష చేస్తాడు. ఆయన దగ్గర కంటికి కనబడని పురుగులను చూపే పెద్ద బూతద్దం ఉండాది. చూపించుకుని రా. అప్పటిదాకా పిల్లను దగ్గరికి రానీవాకు." క్షయ అనే మాట మా వీధిలో ఎవరూ గట్టిగా పలికేవాళ్లు కాదు. ఆ మాట బయటికి వస్తే ఆ ఇంట్లో నేసిన చీర ముట్టుకునేవాళ్లు ఉండరు. పట్టు కొనడానికి పోతున్నామని పక్కింటివాళ్లకు చెప్పి, పిల్లను అత్త దగ్గర వదిలి, ఇద్దరం రైలెక్కాం.

హిందూపురంలో దిగగానే మా ఇంటాయన స్టేషను బయట కొళాయి దగ్గర ముఖం కడుక్కుని, నోరు పుక్కిలించి, ఆకు వక్క వేసుకున్నాడు. పెద్ద మనుషుల దగ్గరికి పోయేటప్పుడు నోరు వాసన రాకూడదని ఆయన పట్టింపు. నేనూ బాగుందనుకున్నాను. పరీక్ష చేసే ఆయనది ఒకే గది. ఎండిన మనిషి, ముక్కు మీదికి జారే కళ్లద్దాలు. బెంగళూరు వైపు ఆసుపత్రుల్లో ఈ పనే చేసి, పింఛను తీసుకుని ఇక్కడ చేరాడట. మాటలో కన్నడం కలిసేది, కొంచెం అనడానికి సల్ప అనేవాడు. ఆయన చేతులు చూశాను. గోళ్ల సందుల్లో ఎరుపు, వేళ్ల కొసల మీద నీలం, ఎంత కడిగినా పోని రంగు. మా నాయన చేతులు అట్లాగే ఉండేవి. నాకు ఆ మనిషి మీద గురి కుదిరింది అక్కడే.

ఆయన ఒక గాజు గిన్నె ఇచ్చి ఉమ్మమన్నాడు. మా ఇంటాయన ఉమ్మాడు. ఆయన గిన్నెను వెలుతురుకు పట్టి చూసి మూత పెట్టేశాడు.

"ఏమప్పా, ఇది పరీక్ష చేస్తే తాంబూలం అని రాసిస్తా. సున్నం సల్ప ఎక్కువైందని కూడా రాస్తా."

మా ఇంటాయనకు నవ్వు వచ్చి, నవ్వితే దగ్గు వచ్చింది.

"పైపైన ఉమ్మి కాదప్పా నాకు కావాల్సింది. రేపు తెల్లారి లేస్తూనే, నీళ్లు కూడా ముట్టకుండా, లోపల్నుంచి దగ్గి తీసింది కావాల. పోయి రేపు రండి."

ఆ దినం సత్రంలో ఉండిపోయాం. మరుసటి పొద్దున గిన్నె తీసుకుపోయాం. ఇచ్చేసి ఊరికి పోయి, ఎనిమిది దినాల తరువాత మళ్లీ రావాలేమో అనుకున్నాను. మా ఊళ్లో కోర్టు కాయితమైనా, రెవెన్యూ కాయితమైనా అంతకు తక్కువ కాదు. "ఎప్పుడు రమ్మంటారు?" అని అడిగితే ఆయన గోడ గడియారం వైపు చూశాడు.

"యాడికి పోతావమ్మా? సల్ప కూర్చో. ముప్పావు గంట."

మా ఇంటాయన్ను బయట అరుగు మీద ఎండలో కూర్చోమన్నాడు. నేను గడప దగ్గర నిలబడ్డాను. ఆయన సన్నని పుల్లతో కఫంలో చిక్కగా ఉన్న చోటు వెదికి, చిన్న గాజు పలక మీద పలచగా పూసి ఆరబెట్టాడు. దీపం మంట మీద రెండు మూడుసార్లు అటూ ఇటూ ఆడించాడు. తరువాత ఒక బుడ్డి మూత తీసి పలక నిండా ఎర్ర రంగు పోశాడు. ఘాటైన వాసన. అడుగున దీపం పెట్టి పొగ వచ్చేదాకా వేడి చేశాడు. మరగనివ్వలేదు, ఆవిరి లేచిందంటే దీపం పక్కకు తీసేవాడు, చల్లారుతుందంటే మళ్లీ పెట్టేవాడు. అది చూసి నాకు ఒక్కసారి ఊపిరి తేలికైంది. రంగు పట్టించడం కదా ఇది. వేడి చేస్తే గాని రంగు లోపలికి పోదు, మరిగితే చెడుతుంది. ఇంత మాత్రం నాకూ తెలుసు.

నీళ్లతో కడిగాడు. ఎర్రటి నీళ్లు తొట్టిలోకి పోయాయి. పలక ఇంకా ఎర్రగానే ఉంది. ఇంకో బుడ్డి తీశాడు.

"అదేం పోస్తాండారు?"

"సారాయిలో కలిపిన ఆమ్లం. ఎరుపు పోవడానికి."

"ఎక్కించిన రంగును మళ్లీ యాల తీస్తారు?"

ఆయన కళ్లద్దాల మీదుగా నన్ను చూశాడు. "మామూలు పురుగులన్నీ ఈ ఆమ్లం తగిలితే రంగు వదిలేస్తాయి. క్షయ పురుగు ఒంటికి మైనం పూత ఉంటాది. అది ఒకసారి ఎరుపు పట్టిందంటే వదలదు. ఎంత కడిగినా పోకుండా నిలిచిందంటే అదే."

"నిలిచే రంగా, కారే రంగా అని చూసేదన్నమాట."

"ఎవరి బిడ్డవమ్మా నువ్వు?"

"రంగులోళ్ల బిడ్డను. పెనుకొండ."

"అట్ల చెప్పు," అన్నాడు. తరువాత నా కోసమే అన్నట్టు ఆమ్లం ఒక్కొక్క చుక్కా పోసి చూపించాడు. ఎరుపు పలచబడుతూ, గులాబీ అయ్యి, పోయింది. పలక మీద ఏమీ మిగల్లేదు. "పోయింది కదా?" అన్నాను. పుట్టిన దగ్గర్నుంచి రంగు నిలవాలని మొక్కిన ఇంటి దాన్ని, ఆ పూట రంగు పోవాలని మొక్కుతున్నాను.

"కంటికి పోయినట్టే ఉంటాది," అన్నాడాయన.

మీద నీలం రంగు పోసి, కడిగి, ఆరబెట్టి, ఒక చుక్క నూనె వేసి ఆ పలకను బూతద్దం కింద పెట్టాడు. చాలాసేపు చూశాడు. పలకను కొంచెం జరిపాడు, మళ్లీ చూశాడు. జరిపాడు, చూశాడు. ఆయన ముఖం కదలదు. నేను గడియారం చూస్తూ నిలబడ్డాను. నాకు ముల్లు చదవడం వచ్చు గాని ఆ పూట ఎంతైందో చదవలేకపోయాను.

"రా, చూడు," అన్నాడు చివరికి.

ఒక కన్ను మూసుకుని చూశాను. మొదట నా కనురెప్పల వెంట్రుకలే కనిపించాయి. తరువాత నీలం. ఆరేసిన నీలం చీర లాంటి నీలం. దాని మీద అక్కడక్కడా సన్నని ఎర్ర పోగు ముక్కలు. కత్తెరతో కత్తిరిస్తే రాలిన ముక్కల్లాగా, కొన్ని ఒంటిగా, కొన్ని రెండేసి. అబద్ధం ఎందుకు చెప్పాలి, చూడడానికి అందంగా ఉన్నాయి. అంత మంచి ఎరుపు మా నాయన కూడా తీసి ఉండడు.

"ఇవేనా?"

"ఇవే."

"ఎన్నుండాయి?"

"చూసిన చోటల్లా ఉండాయి తల్లీ."

ఒక లడి పట్టు రంగు నిలిచిందా లేదా అని చెప్పడానికి మా నాయన రెండు పూటలు తీసుకునేవాడు. ఒక మనిషి బతుకు సంగతి ఈయన ముప్పావు గంటలో తేల్చేశాడు. అంత తొందరేమి అని నాకు ఆయన మీద కోపం వచ్చింది. ఆయన తప్పేముంది. ఇంకో పద్ధతి ఉందట, పురుగును గాజు సీసాలో పెంచి చూడడం. దానికి నెలన్నర పడుతుందని చెప్పాడు. ఇంట్లో చంటిపిల్ల ఉందని నేను అప్పటికే చెప్పి ఉన్నాను. "నెలన్నర ఆగితే, అన్నాళ్లు నీ పిల్లను ఆయన ఒళ్లోకి పోకుండా ఎవరు ఆపుతారు?" అన్నాడు. ఆ మాటతో నా కోపం చల్లారింది.

మా ఇంటాయన అరుగు మీద వేయించిన శెనక్కాయలు ఒలుచుకుంటున్నాడు. నేను పక్కన కూర్చున్నాను.

"ఏమంటాడు?"

"ఉండాదంట."

ఆయన పొట్లం నా చేతిలో పెట్టాడు. "నేను ముట్టినవి అయిపోయినాయిలే. ఇవి ఒలవనివి. నువ్వు తిను." ఒళ్లో పొట్టు దులుపుకుంటూ, "పిల్లను ఇంక ఎత్తుకోగూడదా?" అన్నాడు.

"కూడదు."

"ఎన్నాళ్లు?"

"ఆ ఎర్రవి పోయేదాకా."

పరీక్ష చేసే ఆయన లోపలికి పిలిచి చెప్పవలసింది చెప్పాడు. మందు అంటూ గట్టిది లేదు. గాలి, ఎండ, పాలు, గుడ్లు, కదలకుండా పడుకోవడం. వేరే పళ్లెం, వేరే లోటా, ఉమ్మిని నిప్పుల్లో వేయడం. నాడెను నోటితో పీలుస్తారని నేను చెప్పేసరికి ఆయన చేతిలో గాజు పలక కింద పెట్టి, "అదే నాడె ఇంకెవరైనా పీలుస్తారా?" అని అడిగాడు. ఇంట్లో నేసేది ఆయన ఒక్కడే అని చెప్పాను. "అదృష్టం," అన్నాడు. అప్పటిదాకా ఆయన ఆ బూతద్దం కంటిని పంచె కొసతో తుడవడం నేను గమనిస్తూనే ఉన్నాను. నూలు గుడ్డ గీరుకుంటుంది. నా సంచిలో ఎప్పుడూ చీర అంచుల దగ్గర కత్తిరించిన పాత పట్టు ముక్కలు ఉండేవి. మెత్తగా ఉతికినవి రెండు తీసి ఇచ్చాను. ఆయన వేళ్ల మధ్య రాసి చూసి బల్ల సొరుగులో పెట్టుకున్నాడు.

తిరుగు రైలు పెనుకొండలో ఆగినప్పుడు మా ఇంటాయన అక్కడే దిగిపోయాడు. ధర్మవరం వస్తే పిల్లను చూడాలనిపిస్తుంది, చూస్తే ఎత్తుకోవాలనిపిస్తుంది అన్నాడు. పిల్లకు పోయి వస్తానని కూడా చెప్పలేదు. నేనూ దిగి నాయనకు సంగతి చెప్పాను. నాయన మొదట గుడ్డ మీద నేను చప్పరించి చూపిన కథ అడిగి రెండుసార్లు చెప్పించుకున్నాడు. తన ఎరుపు నిలిచిందని సంతోషపడాలో వద్దో ఆయనకు తెలియలేదు. తరువాత లేచి, పట్టు ఆరేసే కొట్టంలో దండేలు విప్పి మంచం వేశాడు.

"నాలుగు పక్కలా గాలి. పట్టు ఆరే చోట మనిషి ఆరడా," అన్నాడు. జీవితంలో గుడ్డు ముట్టని మనిషి, మరుసటి దినం నుంచి అల్లుడి కోసం టవల్లో గుడ్లు మూటగట్టుకుని వచ్చేవాడు.

నేను ఒక్కదాన్నే ఇల్లు చేరాను. మా నాయనకు రంగు పనిలో సాయంగా ఉండిపోయాడని వీధిలో చెప్పాం. మగ్గం మీద ఎర్ర చీర సగం మిగిలి ఉంది. పాత నాడెను పొయ్యిలో పెట్టాను. పనికొచ్చే వస్తువును నా చేతులతో పొయ్యిలో పెట్టింది నా జన్మలో అదొక్కసారే. కొత్త నాడె తెప్పించి గుంతలో దిగాను. మా ఇళ్లలో ఆడవాళ్లు కండెలు చుడతారు, పడుగు సరిచేస్తారు, గుంతలో కూర్చోరు. అత్త గడపలో నిలబడి చూసింది.

"నీకు వస్తాదా?"

"చూస్తా చూస్తా ఏండ్లాయె. రాకేం చేస్తాది."

"అంచు వంకర పోతాంది."

"పోనీ. సరిచేసుకుంటా."

ఆమె వచ్చి రాట్నం ముందు కూర్చుని నాకు కండెలు చుట్టడం మొదలుపెట్టింది. పీల్చడం మాత్రం చేయకూడదని నేను ఒట్టు పెట్టుకున్నాను. విరిగిన గొడుగు ఊచ ఒకటి దాచి ఉంచాను, ఏదో ఒకదానికి పనికొస్తుందని. దాని కొసను రాతి మీద అరగదీసి, కొంచెం వంచి కొక్కెం చేశాను. దాన్ని నాడె కంట్లో దూర్చి పోగును లాగేదాన్ని. ఆలస్యమయ్యేది. మా వీధి మగవాళ్లు చూసి నవ్వారు.

"నోరుండగా ఇనుప తీగేమిటికమ్మా?" అన్నాడు పక్కింటి ఆయన.

నేను జవాబు చెప్పేలోపే అత్త అందుకుంది. "నీ నోరు నువ్వు వాడుకోప్పా. మా కోడలి నోరు మాటలకు కావాల." నాతో కొట్లాడడమే గాని ఆమె నా తరఫున మాట్లాడడం అదే మొదలు.

మా వాళ్లకు అమావాస్య నాడు మగ్గం సెలవు. కొన్ని నెలలకొకసారి ఆ సెలవు నాడు నేను హిందూపురం రైలెక్కేదాన్ని. పెనుకొండలో బండి ఆగేది కొద్ది నిమిషాలే. మా ఇంటాయన తెల్లారి తీసిన కఫాన్ని మూత బిగించిన చిన్న జాడీలో పెట్టి, వేపాకు చుట్టి, ప్లాట్‌ఫారం మీద నిలబడి ఉండేవాడు. కిటికీలోంచి జాడీ అందించి రెండడుగులు వెనక్కు పోయేవాడు. మాట్లాడేది అంత దూరం నుంచే. దగ్గు వస్తే అటు తిరిగేవాడు.

"మే, పిల్ల నడుస్తాందా?"

"నడుస్తాంది. నిన్న గడప దాటి పడింది."

"ఎవరూ చూసుకోలేదా?"

"చూసుకునేవాడు ఇక్కడ పండుకోనుండాడు. బిన్నా బాగై వచ్చి చూసుకో."

"చీర అంచు ఎట్ల వస్తాంది?"

"నీకంటే బాగుందంట. షావుకారి మనిషే అన్నె."

"అబద్ధాలు చెప్పేదానికి నీకు నోరు రాదు, యాల చెప్తావు," అని నవ్వేవాడు. నిజంగానే షావుకారి మనిషి అట్లా అనలేదు. బండి కదిలేది. మనిషి కొంచెం ఒళ్లు చేశాడా, చెంపలు నిండాయా అని నేను చూసుకునేలోపే స్తంభాలు అడ్డం వచ్చేవి. పెండ్లయిన తరువాత ఆయన ముఖాన్ని అంత శ్రద్ధగా నేను ఎప్పుడూ చూడలేదు. ఇంట్లో ఉన్న మనిషిని ఎవరు చూస్తారు.

హిందూపురంలో ఆ ముప్పావు గంట. ఎరుపు, ఆవిరి, ఆమ్లం, నీలం. మొదటిసారి పోయినప్పుడు ఎర్ర పోగులు ఉన్నాయి. రెండోసారి ఉన్నాయి. మూడోసారి ఆయన పలకంతా వెదికితే అక్కడొకటి, అక్కడొకటి. సాయంత్రం తిరుగు బండి పెనుకొండలో ఆగేసరికి మా ఇంటాయన అదే చోట నిలబడి ఉండేవాడు. నేను కిటికీలోంచి చెప్పేదాన్ని, "ఇంకా ఉండాయి."

"ఉండనీ. నేనూ ఉండా కదా," అనేవాడు.

ఇంకా ఉండాయన్న నా మాట విని పక్కన కూర్చున్న ముసలామె ఒకసారి, "ఎవరు తల్లీ, చుట్టాలా?" అని అడిగింది.

"అవునవ్వా. పోని చుట్టాలు," అన్నాను.

నాలుగోసారి పరీక్ష చేసే ఆయన బూతద్దం ముందు మామూలు కంటే ఎక్కువసేపు కూర్చున్నాడు. పలకను ఒక మూల నుంచి ఇంకో మూలకు దున్నినట్టు చూశాడు. చివరికి కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు.

"కనబడలేదు."

నేను సంచి భుజాన వేసుకుని లేచాను. ఆ దినమే మా ఇంటాయన్ను బండెక్కించి ఇంటికి తీసుకుపోవాలని.

"యాడికి పోతాండావు? కూర్చో. కనబడలేదంటే లేవని కాదమ్మా. ఈ పలక మీద లేవు. అంతే."

"అప్పుడు ఉండాదని ముప్పావు గంటలో చెప్తిరి. ఇప్పుడు లేదని చెప్పడానికి ఏం కష్టం?"

"ఉండాదని చెప్పడానికి ఒక్కటి కనబడితే చాలు. లేదని చెప్పడానికి ఎన్ని పలకలు చూసినా ధైర్యం చాలదు. పిల్ల ఉండే ఇల్లు. ఇంకా మూడుసార్లు చూద్దాం. నెలకొకటి."

నాకు కళ్లు నిండాయి గాని ఏడవలేదు. ఆయన చెప్పింది నాకు బాగానే అర్థమైంది. కారే రంగు మొదటి ఉతుకులోనే తెలిసిపోతుంది. నిలిచే రంగు నిలిచిందని చెప్పడానికి చీర చినిగేదాకా ఉతకాలి. పెనుకొండలో కిటికీ దగ్గర మా ఇంటాయనకు, "కనబడలేదంట. ఇంకా మూడుసార్లు," అని చెప్పాను. ఆయన ప్లాట్‌ఫారం మీద అట్లాగే కూర్చుండిపోయాడు. బండి కదిలినా లేవలేదు. అది సంతోషమో, మళ్లీ మూడు నెలలు అనే నీరసమో నేను అడగలేదు.

ఆ మూడు నెలలూ నేను నేసిన చీరలు చూస్తే ఏ అమావాస్య దగ్గర పడిందో చెప్పొచ్చు. అంచు దగ్గర పోగులు అంత బిగువుగా ఉంటాయి. మొదటి నెల పలక మీద నీలం ఒక్కటే. రెండో నెలా నీలమే. మూడో నెల జాడీతో పాటు మనిషి కూడా బండెక్కాడు. హిందూపురంలో పలక తయారయ్యాక, "నన్నూ ఒకసారి చూడనీ సామీ. ఇన్నాళ్లు నన్ను పీక్కుతిన్నోళ్ల ముఖమే నేను చూడలే," అన్నాడు. ఆయన పక్కకు జరిగాడు. మా ఇంటాయన వంగి చూశాడు.

"ఏమీ లేదే. వట్టి నీలం."

"అది చూపించడానికే నీ పెండ్లాం ఇన్నిసార్లు తిరిగింది," అన్నాడాయన. "పోప్పా. ఇంటికి పో. నాడె మాత్రం మళ్లీ నోట్లో పెట్టుకోవాకు. ఆరు నెలలకొకసారి వచ్చి నాకు కనబడు."

ధర్మవరం స్టేషను నుంచి మా వీధి దాకా నడిచే వచ్చాం. మలుపు దగ్గర నా చెప్పు వారు తెగింది. దాన్ని ముడి వేసుకుంటూ నేను వెనకబడ్డాను. ఆయన ముందు పోయాడు. మూడో ఏడు నడుస్తున్న పిల్ల గడపలో కూర్చుని ఉంది, ఖాళీ కండెలు వరుసగా పేర్చుకుంటూ. ఇంటికి వచ్చే మగవాళ్లను వాళ్లవ్వ ఎట్లా పలకరిస్తుందో అదే దానికి తెలిసిన మర్యాద.

"ఏమప్పా, యాడనుంచి వస్తాండావు?"

"పెనుకొండ నుంచమ్మా."

"మా నాయన ఆడనే ఉండాడు. చూస్తివా?"

"చూస్తిని."

"దగ్గు పోయిందా?"

"పోయింది."

"మరి యాల రాలే?"

ఆయన వెనక్కు తిరిగి నన్ను చూశాడు. ఆ ముఖం నాకు గుర్తుంది గాని రాయడానికి నా మూడో తరగతి చాలదు. చేతులు పంచెకు తుడుచుకుంటున్నాడు, ఒకసారి తుడిచి, మళ్లీ తుడుస్తున్నాడు.

"ఎండలో నిలబడి ఎంతసేపు మాట్లాడతావు? ఎత్తుకో పిల్లను," అన్నాను.

ఎత్తుకున్నాడు. పిల్ల కొయ్యలాగా బిగుసుకుంది. చెంపకు చెంప ఆనించేసరికి ముఖం అటు తిప్పి, లోపలి నుంచి వస్తున్న మా అత్తకు ఫిర్యాదు చేసింది.

"అవ్వా, ఈయన గడ్డం గుచ్చుకుంటాంది."

అత్త గడపలోనే ఆగిపోయింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కాసేపు కొడుకును చూసి, తరువాత మామూలు గొంతుతోనే అంది.

"గుచ్చుకోనీలే. మీ నాయనదే."